కాలువలోంచి పిల్లాణ్ణి తీసిన కుర్రాడికి సన్మానం: ఎలా చేస్తే బాగుంటుంది?

బడిగంట (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పోయిన నెల పంటకాలువలోకి దూకి, కొట్టుకుపోతున్న ఆరేళ్ల పిల్లాణ్ణి బయటికి తీశాడు. పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. ఇప్పుడు సర్పంచిగారు, పేరెంట్స్ కమిటీ, మా హెచ్‌ఎం గారు కలిసి పెద్ద సభ పెడదామంటున్నారు. ఎమ్మెల్యేగారిని పిలుస్తారట. ఢిల్లీకి కూడా పేరు పంపాలంటున్నారు.

నాకు రెండు విషయాలు తెలియాలి. ఢిల్లీకి పంపడం ఎలా? చిన్నప్పుడు జనవరి 26న టీవీలో ఏనుగుల మీద కూర్చున్న పిల్లల్ని చూసిన గుర్తు తప్ప నాకేమీ తెలీదు.

రెండోది స్టాఫ్‌రూమ్ గొడవ. అదే క్లాసులో ఒకమ్మాయి ఉంది. నడవలేని తన స్నేహితురాలిని ఆరో తరగతి నుంచి రోజూ వీల్‌చెయిర్‌లో బడికి తీసుకొస్తుంది, సాయంత్రం ఇంట్లో దించి వెళ్తుంది. ఇది నాలుగో ఏడు. ఆ అమ్మాయిని కూడా అదే సభలో పిలుద్దామన్నాను. "అది మంచితనం మాస్టారూ, ఇది సాహసం. రెండూ ఒక గాటన కట్టేస్తే సాహసానికి విలువేముంటుంది?" అన్నారు మా సీనియర్ ఒకాయన. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. మీరేమంటారు?

పాతపేపర్లు

మాస్టారూ, ఏనుగుల పిల్లల కథ నేను చెబుతా. రిటైరయ్యాక పాత కత్తిరింపులు సర్దుకోవడమే నా పని.

1957 అక్టోబర్ 2, ఢిల్లీ రామ్‌లీలా మైదానం. నెహ్రూగారు కూర్చుని కార్యక్రమం చూస్తుండగా షామియానాకు నిప్పంటుకుంది. హరిశ్చంద్ర మెహ్రా అనే 14 ఏళ్ల స్కౌటు స్తంభమెక్కి, తన దగ్గరున్న స్కౌటు కత్తితో మండుతున్న గుడ్డను కోసేసి మంట పాకకుండా చేశాడు. ఇలాంటి పిల్లల్ని దేశం గుర్తించాలన్న ఆలోచన అక్కణ్ణుంచే పుట్టింది. భారత శిశు సంక్షేమ మండలి (ఐసీసీడబ్ల్యూ అంటారు) జాతీయ సాహస పురస్కారాలు మొదలుపెట్టింది. 1978లో సంజయ్ చోప్రా, గీతా చోప్రా పేర్లతో రెండు అవార్డులు చేరాయి. ఢిల్లీలో తమను ఎత్తుకెళ్లినవాళ్లతో పోరాడి చనిపోయిన అక్కాతమ్ముళ్లు వాళ్లు. 1987లో భారత్ అవార్డు, మరుసటేడు బాపు గయధాని అవార్డు వచ్చాయి. మీరు చూసిన ఏనుగులు ఈ పిల్లలవే. తర్వాతి కాలంలో ఏనుగులు పోయి జీపులొచ్చాయి.

ఐసీసీడబ్ల్యూ మీద డబ్బు అవకతవకల ఆరోపణలు కోర్టుకెక్కాక, 2019 నాటికి కేంద్రం ఆ అవార్డుల నుంచి తప్పుకుంది. ఇప్పుడు కేంద్రం ఇచ్చేది ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం. అయిదేళ్లు దాటి పద్దెనిమిది లోపు పిల్లలకు. అవార్డ్స్ డాట్ జీవోవీ డాట్ ఇన్ అనే పోర్టల్లో పంపాలి. బడే పంపాలని లేదు, ఎవరైనా పంపొచ్చు, కావాలంటే పిల్లవాడే పంపుకోవచ్చు. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులు జోరావర్ సింగ్, ఫతే సింగ్ బలిదానాన్ని తలుచుకుంటూ డిసెంబర్ 26న వీర్ బాల్ దివస్ జరుపుతున్నారు కదా, 2024లో ఈ పురస్కారాలు ఆ రోజే ఇచ్చారు. అంతకుముందు జనవరిలో ఇచ్చేవాళ్లు.

మీ సీనియర్ గారికి ఒక్క మాట చెప్పండి. ఆ పురస్కారంలో సాహసం ఒక విభాగం, సమాజ సేవ ఒక విభాగం. రెండు విభాగాల పిల్లలూ ఒకే రోజు, ఒకే వేదిక మీద అందుకుంటారు. ఇంతవరకూ ఎవరి విలువా తగ్గలేదు.

శాలువాలొద్దుబాబోయ్

నేను చెప్పనా ఏం జరుగుతుందో? పదింటికి సభ అంటారు, పెద్దాయన పన్నెండున్నరకి వస్తారు. పిల్లలు ఎండలో కూర్చుంటారు. తొమ్మిదిమంది మాట్లాడతారు, అందులో ఎనిమిదిమంది పెద్దాయన గురించి. కుర్రాడికి శాలువా కప్పుతారు (వాడికది మోకాళ్ల దాకా వస్తుంది), మెమెంటో చేతిలో పెడతారు, ఫొటో తీసి మళ్లీ తీస్తారు ఎందుకంటే మొదటిదాంట్లో ఎంపీపీగారు పడలేదు. సాయంత్రానికి ఫ్లెక్సీలో పెద్దాయన మొహం గుమ్మడికాయంత, కుర్రాడి మొహం నిమ్మకాయంత.

ఆ ఖర్చు వాడి చదువుకి ఇవ్వండి, చాలు.

కుంకుడుచెట్టు

శాలువా గారూ, నవ్వొచ్చింది కానీ ఒప్పుకోను. పదిమందిలో ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి "నువ్వు చేసింది మేం చూశాం" అని చెప్పడం చిన్న విషయం కాదు. డబ్బు కవర్లో పెట్టిచ్చేస్తే అది కూలి ఇచ్చినట్టుంటుంది.

బడిగంట గారూ, మీరు ఆ ఇద్దర్నీ అడిగారా? సభ పెడుతున్నాం, మీకిష్టమేనా అని?

నీటిలెక్క

నేను అగ్నిమాపక శాఖలో 31 ఏళ్లు చేశాను. అందులో సగం నీళ్ల కేసులే. నా ప్రశ్న వేరు. "దూకి" అని రాశారు. అది మీరు ఆ కుర్రాణ్ణి అడిగి రాశారా, పేపర్లో చూసి రాశారా?

ఎందుకడుగుతున్నానంటే, మునిగేవాణ్ణి కాపాడ్డానికి దూకి, ఇద్దరూ పోయిన కేసులు నేను లెక్కపెట్టడం మానేశాను. మునిగేవాడికి నువ్వెవరో స్పృహ ఉండదు. చేతికి ఏది దొరికితే దాని మీదికెక్కుతాడు. ఈతొచ్చిన పెద్దవాళ్లనే కిందికి తొక్కేస్తాడు. ఇంకో సంగతి, మునిగేవాళ్లు సినిమాల్లోలాగా "కాపాడండి" అని కేకలు పెట్టరు. నోరు నీటి మట్టానికుంటుంది, ఊపిరి తీసుకోవడానికే సరిపోదు, ఇంక అరిచేదెక్కడ? పక్కనున్నవాళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు మూడు లక్షలమంది నీళ్లలో పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

అందుకే మేం పిల్లలకు నేర్పేది: ముందు కేకేసి మనుషుల్ని పిలు. గట్టు మీద బోర్లా పడుకుని కర్రో, కండువానో, చీరో అందించు. అందకపోతే తాడు విసురు, మూత బిగించిన ఖాళీ డబ్బా విసురు, ట్యూబు విసురు. నీళ్లలోకి మాత్రం దిగకు. మీరు రేపు స్టేజీ మీద "ప్రాణాలకు తెగించి దూకాడు" అని చప్పట్లు కొట్టిస్తే, కింద కూర్చున్న నాలుగొందలమందికి అదే పాఠం. వాళ్లలో ఎంతమందికి ఈతొచ్చు మాస్టారూ?

బడిగంట

నీటిలెక్క గారూ, నిజం చెప్పాలంటే పేపర్లో చూసే రాశాను. రేపు అడుగుతా. కుంకుడుచెట్టు గారూ, మిమ్మల్ని చూసి కూడా సిగ్గుపడుతున్నా. ఎవర్నీ అడగలేదు.

హైవే_రాత్రి

నేను చదువుకుంటున్నాను, ఇక్కడ అందరికంటే చిన్నవాణ్ణేమో. పోయినేడు రాత్రి బైక్ మీద నుంచి పడిపోయిన ఒకాయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆసుపత్రి పేరు చెప్పను. గంటన్నర నన్ను కదలనివ్వలేదు. పేరు, ఆధార్, నాన్న పేరు, నువ్వే గుద్దావా, కాకపోతే ఎందుకు తెచ్చావు. ఇంట్లో చెబితే "నీకెందుకురా ఇవన్నీ" అన్నారు.

తర్వాత తెలిసింది, అలా ఆపే హక్కు వాళ్లకు లేదని. 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఆమోదించింది. 2019 సవరణలో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ పెట్టారు. సాయం చేసినవాళ్లు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. 2025లో రాహ్-వీర్ అని పథకం పెట్టి, తీవ్రంగా గాయపడినవాళ్లను మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవాళ్లకు 25,000 ఇస్తామన్నారు. మంచిదే. నాకు మాత్రం డబ్బు, శాలువా ఏదీ తట్టలేదు. ఆయన బతికాడా లేదా అని ఎవరైనా ఒక్క ఫోన్ చేసి చెబితే బాగుండుననిపించింది. ఇప్పటికీ తెలీదు.

మూడోబెంచి

ఈ థ్రెడ్ రెండు రోజులుగా చదువుతున్నా. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా.

నాకు పన్నెండేళ్లప్పుడు జిల్లా స్థాయిలో సాహస బాలుడని సన్మానం చేశారు. మా ఊరి చెరువులో ఇద్దరు మునిగారు. ఇద్దరూ నా క్లాసువాళ్లే. గట్టుకి దగ్గరగా ఉన్నవాణ్ణి జుట్టు పట్టుకుని లాగాను. రెండోవాడు దొరకలేదు. సాయంత్రం పెద్దవాళ్లు వల వేసి తీశారు.

సభలో అందరూ ఒకడి గురించే మాట్లాడారు. రెండోవాడి పేరు ఒక్కరూ ఎత్తలేదు. శుభమా అని సభ జరుగుతుంటే అశుభం ఎందుకనేమో. వాళ్లమ్మ కూడా వచ్చింది. ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుంది. నాకు దండ వేస్తుంటే నేను ఆవిడనే చూస్తున్నా. ఆవిడ చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు నేను నీళ్ల దగ్గరికి వెళ్లలేదు. రాత్రుళ్లు పక్క తడిపేవాణ్ణి. ఇంట్లో "సాహస బాలుడివి, భయమేంట్రా" అనేవాళ్లు. ఆ బిరుదు వచ్చాక నాకు భయపడే అవకాశం పోయింది. సర్టిఫికెట్ ఫ్రేము కట్టి హాల్లో పెట్టారు. ఉద్యోగం వచ్చాక తీసి బీరువాలో పెట్టాను.

సన్మానం వద్దని అనడం లేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా "నీకెలా ఉందిరా?" అని ఒక్కరు కూడా అడగలేదు. అదొక్కటి చెప్పాలనిపించింది.

శాలువాలొద్దుబాబోయ్

అన్నా, నేను వేళాకోళంగా రాసింది వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పుడు అడుగుతున్నా, ఎలా ఉన్నావు?

మూడోబెంచి

బాగానే ఉన్నా తమ్ముడూ. మా అమ్మాయికి నలభై రోజులు ఈత నేర్పించా. గట్టు మీద కూర్చునే అనుకో.

కుంకుడుచెట్టు

మూడోబెంచి గారూ, రాసినందుకు చాలా థాంక్స్. నేను పిల్లల సంరక్షణ రంగంలో పనిచేస్తాను. మీరన్నట్టే, ప్రమాదం చూసిన పిల్లలకు సన్మానం ఒక రోజు, భయం చాలా రోజులు. నిద్ర, తిండి, బడికెళ్లడం మారుతున్నాయేమో కొన్ని నెలలపాటు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. బడిగంట గారూ, అది మీరే కావచ్చు.

ఇంకో రకం సన్మానం గురించి కూడా చెప్పాలి. తన పెళ్లి తనే ఆపుకున్న అమ్మాయిలు. పదిహేనేళ్ల పిల్ల పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, సొంత ఇంటివాళ్లకు ఎదురు నిలబడుతుంది. నా దృష్టిలో కాలువలో దూకడం కంటే అది పెద్ద ధైర్యం, ఎందుకంటే మర్నాడు మళ్లీ ఆ ఇంట్లోనే అన్నం తినాలి. అయితే మనవాళ్లు వెంటనే ఏం చేస్తారు? పేరు, ఊరు, ఫొటోతో సహా పేపరుకిస్తారు, స్టేజీ ఎక్కిస్తారు. బాల్యవివాహం ముప్పు ఉన్న పిల్ల చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్ల. బాల న్యాయ చట్టం 2015లో 74వ సెక్షన్ ఆ పిల్ల ఎవరో తెలిసేలా ప్రచురించడాన్ని నిషేధించింది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మెచ్చుకోవడానికే వేసినా వేసినట్టే లెక్క. నేను చూసిన ఒక పిల్ల, ఫొటో వచ్చాక మేనత్తవాళ్లు గడప తొక్కనివ్వలేదు. వాళ్ల పరువు పోయిందట.

అలాంటి పిల్లని మెచ్చుకోవాలంటే ఆమె గదిలో నలుగురుండి చెప్పినా సరిపోతుంది. చదువు ఆగకుండా చూస్తే ఇంకా మంచిది.

పాతపేపర్లు

ఒక సందేహం. మలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. దాన్నీ సాహసమే అంటాం. కాలువ కుర్రాణ్ణీ అదే మాట అంటాం. రెండూ ఒకటేనా?

నీటిలెక్క

నాకైతే దగ్గరివే అనిపిస్తాయి. పూర్ణ ఊరికే ఎక్కలేదు కదా, భువనగిరి కొండ మీద శిక్షణ మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ దాటి వెళ్లింది. మీరు చెప్పిన హరిశ్చంద్ర మెహ్రా సంగతీ చూడండి. మంటల్లోకి ఊరికే ఉరికి ఉంటే మనకు ఆ పేరు ఇలా గుర్తుండేది కాదేమో. స్కౌటు కాబట్టి చేతిలో కత్తి ఉంది, ఎక్కడం వచ్చు, ఏ గుడ్డ కోయాలో తోచింది. నేర్చుకున్నది సమయానికి గుర్తురావడం, అదీ కాళ్లు వణుకుతున్నప్పుడు. మా శాఖలో కొత్తవాళ్లకు ఇదే చెప్పేవాణ్ణి, ఉరికేవాడు నాకొద్దు, నిలబడి చూసేవాడు కావాలని.

బడిగంట

అడిగాను. దూకలేదు.

వివరంగా చెబుతా. కుర్రాడు గేదెల్ని తోలుకొస్తున్నాడు. పిల్లాడు రేవులో జారాడు. వీడు నీళ్ల వెంట గట్టు మీద పరిగెత్తాడు. పిల్లాడికంటే ముందుండాలని పరిగెత్తాడట, పక్కన కాదు. లాకుల దగ్గర కాలువ సన్నబడుతుందని వీడికి తెలుసు. అక్కడ ఎవరో ఎండబెట్టిన వెదురు గెడ ఉంటే తీసుకుని, బోర్లా పడుకుని, కాళ్లు లాకు కమ్మీకి మెలేసి, గెడ అడ్డంగా పెట్టాడు. పిల్లాడు దానికి తగులుకున్నాడు. అప్పటికి ఇద్దరు కూలీలొచ్చి లాగారు.

"మరి పేపర్లో దూకావని రాశారే?" అన్నాను. "నేను చెప్పలేదు సార్. నాకు ఈత రాదు" అన్నాడు. వారం నుంచి బడికి సరిగ్గా రాకపోవడానికి కారణం కూడా అదేనట. ఫ్లెక్సీలో కాలువలో దూకుతున్న బొమ్మ వేయిస్తున్నారని విన్నాడు. స్టేజీ మీద ఎవరైనా ఈతకొట్టి చూపించమంటారేమోనని టెన్షన్ పడుతున్నాడు.

శాలువాలొద్దుబాబోయ్

అయ్యో పాపం. అయితే మీ సీనియర్ గారు ఇప్పుడు ఇది సాహసం కూడా కాదంటారేమో చూడండి.

బడిగంట

అన్నారు! "దూకలేదా? మరి ఢిల్లీకి ఏం రాస్తాం?" అన్నారు.

నీటిలెక్క

మాస్టారూ, నేను 31 ఏళ్లలో ఇంత బాగా చేసినవాళ్లను చాలా తక్కువమందిని చూశాను. పక్కన కాకుండా ముందుకి పరిగెత్తడం, సన్నబడే చోటు ఎంచుకోవడం, కాళ్లు మెలేసుకోవడం. ఎవరూ నేర్పకుండా ఇవన్నీ తట్టాయంటే ఏమనాలి? ఢిల్లీకి ఉన్నదున్నట్టు రాయండి, గెడ పొడవుతో సహా. దూకినట్టు రాస్తే మాత్రం అది ఇంకెవరి కథో అవుతుంది.

ఆఖరి మాట ఒకటి. బయటికి తీశాక పిల్లాణ్ణి ఏం చేశారు? తలకిందులుగా పట్టుకుని తిప్పారా, పొట్ట నొక్కారా? మన దగ్గర అందరూ అదే చేస్తారు, రెండూ తప్పే. నీళ్లు కక్కించడం మీద టైము పోగొట్టకూడదు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి నోట్లోకి ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, 112కి ఫోన్ చేయించాలి. సభలో పది నిమిషాలిస్తే నేనే వచ్చి బొమ్మ మీద చేసి చూపిస్తా. శాలువా వద్దు.

కుంకుడుచెట్టు

కుర్రాడి సంగతి తేలింది. అమ్మాయిల సంగతేంటి? ఒకరిని కాదు, ఇద్దర్నీ అడగండి. వీల్‌చెయిర్‌లో ఉన్న పిల్లని పక్కన పెట్టుకుని "ఈమెను మోసిన దేవత" అని మైకులో అంటే, ఆ పిల్ల ఎక్కడ చూడాలి? రేపట్నుంచి స్నేహితురాలు ఆమెకు దాతలా కనబడదా?

ఇంకోటి, కోపగించుకోకండి. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు రవాణా భత్యం, వెంట తీసుకొచ్చేవాళ్ల కోసం ఎస్కార్ట్ భత్యం ఉన్నాయి. ఆ ఇంటికి అందుతున్నాయా? నాలుగేళ్లుగా పెద్దవాళ్లం చేయాల్సిన పని ఒక చిన్నపిల్ల చేస్తుంటే, మనం ఆ పిల్లకు కప్పు ఇచ్చి ఇంటికి పంపడం నాకు బాగా అనిపించదు.

బడిగంట

భత్యం అందట్లేదు. కాగితాలు మండల కార్యాలయానికి నిన్న పంపించాను. రెండేళ్ల కిందటే పంపాల్సింది, నాకే తట్టలేదు.

అమ్మాయిలిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాను. తోసే అమ్మాయి నవ్వేసి, "దీనికి ప్రైజేంటి సార్, దారంతా అదే కబుర్లు చెబుతుంది, నాకు లెక్కలు కూడా అదే చెబుతుంది" అంది. రెండో అమ్మాయి మాత్రం చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి, "మమ్మల్ని స్టేజీ ఎక్కిస్తారా సార్? ఎలా? మెట్లే కదా ఉన్నాయి" అంది.

మా స్టేజీ కట్టి పన్నెండేళ్లయింది. నేను రోజూ ఆ మెట్లెక్కి అసెంబ్లీలో నిలబడతాను.

ఇదీ ఇప్పటిదాకా తేలింది: ఫ్లెక్సీ బొమ్మ ఆపించాం. ఎమ్మెల్యేగారు వస్తున్నారు, అది నా చేతిలో లేదు. కుర్రాడు ప్రసంగం చేయడు కానీ గెడ పట్టుకుని ఎలా పడుకున్నాడో చూపిస్తానన్నాడు. నీటిలెక్క గారూ, మీ పది నిమిషాలు ఖాయం. ర్యాంపుకి తాపీమేస్త్రిని పిలిచాం. ఎంత వాలు పెట్టాలంటున్నాడు.

నీటిలెక్క

ఒకటికి పన్నెండు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. స్టేజీ ఎత్తెంత?

బడిగంట

రెండున్నర అడుగులు.

నీటిలెక్క

అయితే ముప్పై అడుగులు. మధ్యలో ఒకచోట మలుపు తిప్పి, అక్కడ చదునుగా ఆగే చోటు పెట్టించండి. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలుండాలి.

బడిగంట

ముప్పై అడుగులా! స్టేజీయే ఇరవై అడుగులండీ. సభ పదిరోజుల్లో ఉంది.

శాలువాలొద్దుబాబోయ్

మాస్టారూ, ర్యాంపు అయ్యేదాకా సభ కింద గ్రౌండులోనే పెట్టండి. ఎమ్మెల్యేగారిని కూడా కిందే కూర్చోమనండి.

బడిగంట

హెచ్‌ఎం గారిని అడిగాను. కొంచెం ఆలోచించి సరేనన్నారు. కిందే పెడుతున్నాం.